హైటెన్షన్ లైను దారిలో మా ఇంటి స్థలం

సాయంత్రం ఏడింటికి విజయనగరంలో దుర్గ్ బండి ఎక్కాను. స్లీపర్, కింది బెర్తు. సంచిలో చపాతీలు, పచ్చడి సీసా, ఒక నోటీసు. దుర్గ్ పొలిమేరలో మాకున్న చిన్న స్థలం మీదుగా కొత్త హైటెన్షన్ లైను వెళ్తుందట. ఆ దారికి అనుమతి ఇచ్చే ముందు అభ్యంతరాలు వింటారట. తీగల కింద పడిన స్థలంలో ఇల్లు కట్టడానికి వీల్లేదు. నాకు ఇల్లు కావాలి. అందుకే ఈ ప్రయాణం.

మా ఆయన దుర్గ్‌ని ఆనుకునే ఉన్న భిలాయిలో, స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవారు. సెక్టర్ 7 క్వార్టర్లో ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం. రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని ఆ స్థలం కొన్నారు. ప్లాను గీయమంటే మా క్వార్టర్నే గీశారు: అవే రెండు గదులు, అదే వెనక వరండా. కొత్తగా ఏమైనా గీయండని సతాయిస్తే వంటింటి కిటికీని తూర్పుకి తిప్పి, ఇదిగో కొత్తది అన్నారు. రిటైర్ కాకుండానే ఆయన పోయారు. క్వార్టర్ అప్పగించి విజయనగరంలో చెల్లెలి ఇంటికి చేరాను. సొంతూరికి వచ్చేశావని అందరూ సంబరపడతారు. నాకు ఊరంటే భిలాయే. ప్లాంటు సైరన్ వినకపోతే ఇప్పటికీ నాకు తెల్లవారినట్టు ఉండదు.

ఎదుటి బెర్తులో భిలాయి క్యాంప్ 1 బస్తీలో ఉండే పెద్దాయన, రిటైరైన ఫిట్టరు.

"ఏటమ్మా, బిలాయేనా? సూడ్డానికా, ఉండిపోడానికా?"

"ఉండిపోడానికే, దేవుడూ కరెంటువాళ్ళూ ఒప్పుకుంటే."

"దేవుడికి అర్జీ అక్కర్నేదు. ఈళ్ళకి మాత్రం రెండు కాపీలు ఇవ్వండి. ఒకదాని మీద ముద్ర ఏయించుకోండి."

మీలో ఎవరికైనా ఇలాంటి నోటీసు వస్తే ఈ మాట గుర్తుంచుకోండి.

పొద్దున్న ఏడుంపావుకి దుర్గ్‌లో దిగాను. స్టేషను బయట వేడి అటుకుల పోహా, టీ. అభ్యంతరాలు వినే కరెంటాఫీసుకి పదకొండింటికి రమ్మన్నారు. బోలెడు టైముందని ఆటో మాట్లాడుకున్నాను. నడిపేది నూకరాజు, ఇక్కడే పుట్టిన తెలుగతను. ముందు సెక్టర్ 7కి పోనిమ్మన్నాను. మా క్వార్టర్ ముందు ఎవరిదో స్కూటర్ ఉంది, తీగ మీద ఎవరివో బట్టలు ఆరుతున్నాయి.

"కిసీసే మిల్నా హై క్యా, ఆంటీ? ఎవర్నయినా కలవాలా?"

"ఎవరూ లేరు బాబూ. పద."

తొమ్మిదిన్నరకి స్థలం చేరాం. మధ్యలో సర్వేవాళ్ళు కొట్టిన ఎర్ర మేకు ఉంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. పడమట పక్కన సర్కారు భూమిలో ఒక రేకుల ఇల్లు. నేను ఊరు వదిలినప్పుడు అది లేదు. ఇడ్లీపిండి రుబ్బుతున్న ఆవిడ నన్ను చూసి గబుక్కున లేచింది.

"కాళీ సెయ్యమంటారేటమ్మా?"

"నా స్థలం ఇటుందమ్మా. నువ్వు కూర్చో."

ఆమె పేరు అప్పలనరసమ్మ, శ్రీకాకుళం వైపు మనిషి. కుర్చీ వేసి టీ ఇచ్చింది.

"క్యాంప్‌లో అద్దె కట్టలేక ఇటొచ్చీసేం. నాలుగేళ్ళయింది. పట్టా నేదు. మీరు తొరగా ఇల్లు కట్టండమ్మా. మన తెలుగోళ్ళు పక్కనుంటే నాకూ తోడు."

కడతానని గట్టిగా మాటిచ్చి ఆటో ఎక్కాను.

ఆఫీసులో అర్జీ ఇచ్చి కూర్చుంటే పదకొండున్నరకి ఇంజనీరు పిలిచాడు. మర్యాదస్తుడు. హిందీలో మాట్లాడుతూ కంప్యూటర్లో మ్యాపు చూపించాడు.

"మీ అభ్యంతరం సబబే మేడమ్. తూర్పున స్కూలుంది, అటు జరపలేం. పడమటికి పాతిక మీటర్లు జరపొచ్చు. అటంతా ఖాళీ."

మ్యాపులో అప్పలనరసమ్మ ఇల్లు లేదు.

"ఒకవేళ అక్కడ ఎవరైనా కాపురం ఉంటే?"

"పట్టా ఉందా?"

"లేదనుకోండి."

"అయితే ఖాళీ చేయిస్తారు. లైను అటు జరపమని మీరు సంతకం పెట్టండి."

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. గొప్ప మనిషినని చెప్పుకోను, ఆ ఇల్లు లేదనుకోవడానికి నా శాయశక్తులా ప్రయత్నించాను. ఇంకెవరైనా ఆవిడ గురించి చెబుతారులే అనుకున్నాను. కానీ తాగిన టీ ఇంకా నోట్లోనే ఉంది. అర్జీ వెనక్కి తీసుకుని, పడమట ఇల్లుందనీ అందులో మనుషులున్నారనీ ఇంకో కాగితం రాసిచ్చాను. ముద్ర వేయించుకున్నాను.

"అయితే లైను మీ స్థలం మీదుగానే పోతుంది మేడమ్. తీగల కింద కూరగాయలు వేసుకోవచ్చు. ఇల్లు మాత్రం కుదరదు."

"తెలుసు బాబూ," అన్నాను.

సాయంత్రం ఆరింటికి తిరుగు బండి. కిటికీ పక్క సీటు దొరికింది. భిలాయి స్టేషను దాటుతుంటే ప్లాంటు వైపు చూడకూడదనుకుని, అది కనుమరుగయ్యే దాకా చూశాను. మంచి పని చేశానన్న తృప్తి వస్తుందంటారు, నాకింకా రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆ ఇల్లే కావాలనిపిస్తోంది.

ఇలాంటి పని మీద వెళ్ళేవారికి చివరగా ఒక మాట. దుర్గ్‌లో దిగగానే ముందు మీ స్థలం చూడండి, ఆఫీసుకి తర్వాత వెళ్ళండి. నేను నేరుగా ఆఫీసుకే వెళ్ళి ఉంటే, ఈపాటికి పునాది ఎప్పుడు తవ్విద్దామా అని పంచాంగం చూస్తూ ఉండేదాన్ని.