బొటనవేలి సిరా

దయ్యాలను నేను నమ్మను. మా ఊరు కర్ఖేలిలో శ్మశానాన్ని ఆనుకొని ఉన్న చేను ముప్పై ఏళ్లు దున్నాను. నాగలికి ఎముకలు తగిలితే తీసి గట్టున పెట్టి మళ్లీ దున్నేవాణ్ణి. నాందేడ్ ఆసుపత్రిలో పట్టపగలు జరిగింది మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పాలి. చదువు రాని రోజుల్లో ఏం కాగితమో తెలియక బొటనవేలు ఒత్తి మెట్ట చెలక ఒకటి పోగొట్టుకున్నాను. యాభై ఐదేళ్లకు పలక పట్టాను. ఇక చచ్చినా వేలిముద్ర వేయనని తమ్ముడు గంగారాం ఎదుటే ఒట్టు పెట్టుకున్నాను. వాణ్ణి పెంచింది నేనే.

పోయిన ఏడు ఛాతీలో నొప్పి వస్తే వాడే నన్ను నాందేడ్ తీసుకుపోయాడు. మణికట్టులోంచి సన్నని తీగ పంపి గుండె నరాలు చూశారు. డాక్టరు వాణ్ణి బయటికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. ఛాతీ కోయించుకోనని నేను ముందే చెప్పి ఉన్నాను. మా బావ అట్లాగే ఆపరేషన్ బల్ల మీద పోయాడు. గంగారాం లోపలికి వచ్చి, ఒక్కచోటే పూడుకుపోయిందని, రేపు చేతిలోంచే స్ప్రింగు వేస్తారని, కోత ఉండదని చెప్పాడు.

మధ్యాహ్నం వాడు తిండికి పోయాడు. కిటికీ దగ్గరి మంచం మీద ఒక మనిషి లుంగీ ఎత్తి ఎడమ కాలు చూసుకుంటున్నాడు. చీలమండ నుంచి మోకాలి దాకా కుట్లు. నేను మందుల చీటీ కూడబలుక్కుని చదువుతుంటే నవ్వాడు.

"అచ్చరాలు మంచిగనే నేర్సినవ్ కాకా. రేపు గవి ఎవ్వలు అడుగరు. నీ బొటనేలు చాలు వాళ్లకు."

తన ఎడమ బొటనవేలు చూపించాడు. నీలి సిరా. లేచి వచ్చి నా ఎడమ కాలు తట్టి, "ఈడికెల్లి తీస్తరు" అన్నాడు. ఆ చెయ్యి చల్లగా ఏమీ లేదు, మామూలు చెయ్యే. మతి లేనివాడనుకొని అటు తిరిగి పడుకున్నాను.

పొద్దున సూది వేశారు. తెలివి వచ్చేసరికి ఛాతీ నడిమికి కోసి కుట్టి ఉంది. ఎడమ కాలికి చీలమండ నుంచి మోకాలి దాకా కుట్లు. అక్కడి నరం తీసి గుండెకు అతికించారట. నా ఎడమ బొటనవేలికి నీలి సిరా.

మూడు చోట్ల పూడుకుపోయిందని, స్ప్రింగుతో కాదని డాక్టరు ముందురోజే గంగారాంతో చెప్పాడని అప్పుడు తెలిసింది. నేను మత్తులో ఉన్నప్పుడు వాడే నా వేలు పట్టి కాగితం మీద ఒత్తించాడు.

"చెప్తే నువ్వు బస్సెక్కి ఇంటికి పోతుంటివి అన్నా" అన్నాడు.

"పోతుంటి. పానం నాది. సంతకం అడిగితే నీదేం పోయె రా?"

వాడు తడిగుడ్డతో నా వేలి సిరా తుడవబోయాడు.

మళ్లీ ఆ వార్డుకే తెచ్చాక కిటికీ వైపు చూశాను. మంచం మీద పరుపు చుట్టి ఉంది, పైన దుమ్ము. మంచం కాలు విరిగిందని, నెల నుంచి ఎవరికీ ఇవ్వలేదని సిస్టర్ చెప్పింది. ఆ మధ్యాహ్నం తాను తిండికి పోయేటప్పుడు కూడా అది ఖాళీగానే ఉందని గంగారాం అన్నాడు. వాడి మాట ఇక ఏం నమ్మను, కానీ దుమ్ము నేనే చూశాను.

ఇప్పుడు చేను దాకా నడుస్తున్నాను. తమ్ముడే బతికించాడని ఊరంతా అంటుంది. అది అబద్ధం కాదు. వాడింట్లో చాయ్ మాత్రం తాగడం లేదు.

ఆ మనిషి ఎవరో, అతనికి ఎట్లా తెలిసిందో ఎంత ఆలోచించినా నాకు అందదు. దయ్యం అనడానికి నోరు రాదు. ఆ ఆసుపత్రిలో నాకు నిజం చెప్పింది అతనొక్కడే.