పోశం చెప్పి రాయించిన మూడు మెయిళ్లు

శైలజది కోరుట్ల. తల్లి బీడీలు చుట్టి చదివిస్తే జగిత్యాలలో డిగ్రీ చేసింది, కంప్యూటర్ కోర్సు చేసింది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే ప్రభాకర్‌ను చేసుకుని సిరిసిల్లకు వచ్చింది. నూలుకు గంజి పట్టించే ఒక సైజింగ్ మిల్లులో స్టోర్ క్లర్కుగా చేరి పదకొండేళ్లయింది. రెండు వైపుల కుటుంబాల్లోనూ కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటి మనిషి తనే. చేతిలోని పని మధ్యలో వదిలేయడం, పైవాళ్లకు ఎదురుచెప్పడం, రెండూ ఆమెకు రావు.

ఆ మిల్లులో బాయిలర్ దగ్గర పోశం పనిచేసేవాడు. ఊరు బోయినపల్లి, వయసు యాభై దాటింది. చదువుకోలేదు. ఆవిరి చప్పుడు విని బాయిలర్ బాగుందో లేదో చెప్పగలడు. మొన్నటి వానాకాలంలో ఒకరోజు స్టోర్ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, సేఫ్టీ వాల్వ్ పట్టేసింది. ప్రెషర్ ఎక్కువైతే అది లేవాలె, లేస్తలేదు. మేనేజర్ సారుకు నోటితోని చెప్పిన. చూద్దాం అన్నడు. నువ్వు గా కంప్యూటర్ల రాయి. రాస్తే ఉంటది గద."

శైలజ రాసింది. మేనేజర్ సురేశ్‌కు, హైదరాబాద్ ఆఫీసుకు కలిపి పంపింది. పది రోజులు పోయాక పోశం మళ్లీ వచ్చాడు, మళ్లీ రాసింది. దసరా ముందు మూడోసారి వచ్చినప్పుడు అతని మాటలు అతని మాటలుగానే తెలుగులో టైపు చేసింది. "ఇది ఇట్లనే నడిపితే మనిషి పానం మీదికి వస్తది అని బాయిలర్ అటెండెంట్ పోశం చెబుతున్నాడు" అని చివరి వాక్యం.

"పోయిందా?" అన్నాడు పోశం తెర వైపు చూస్తూ.

"పోయింది కాకా. ఇగ వాళ్లు చూసుకుంటరు."

వాళ్లు చూసుకోలేదు. మూడింటికీ జవాబు లేదు. జనవరిలో కంపెనీ మెయిల్ మొత్తాన్ని కొత్త సిస్టంలోకి మార్చారు. కొత్త పాస్‌వర్డు, ఫోన్‌కు వచ్చే కోడు, ఇంటి కంప్యూటర్లలో పాత అకౌంటు తీసేయాలని ఒక సర్క్యులర్ వచ్చాయి. శైలజకు ఇంట్లో మెయిల్‌తో పనిపడక ఆ పని చేయలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో, పొద్దున తొమ్మిదిన్నరకు, బాయిలర్ పేలింది. స్టోర్ కిటికీ అద్దాలు ఆమె బల్ల మీద పడ్డాయి. బయటికి పరుగెత్తేసరికి రేకుల షెడ్డు పైకప్పు లేదు. ఆవిరి చల్లారేదాకా ఎవరూ లోపలికి పోలేకపోయారు. చనిపోయింది పోశం ఒక్కడే. ముఖం కనబడకుండా గుడ్డలో చుట్టి బోయినపల్లికి పంపారు.

నాలుగు రోజులకు విచారణ అధికారి వచ్చాడు. సురేశ్ అందరి ముందే చెప్పాడు. "వాల్వ్ బాగ లేదని అటెండెంట్ మాకు ఎప్పుడు చెప్పలె సార్. ఆయన నిర్లక్ష్యం. మందు కూడ తాగెటోడు."

పోశం మందు ముట్టడు. ఆ సంగతి మిల్లులో అందరికీ తెలుసు. శైలజ గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన పోగానే ఆ మూడు మెయిళ్ల కోసం స్టోర్‌లోకి పోయింది. ఆఫీసు కంప్యూటర్‌లో వెతికితే కొత్త మెయిల్‌లో జనవరికి ముందుది ఒక్కటీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం ప్రభాకర్ అన్నం తిని కూర్చున్నాడు. శైలజ ఇనప బల్ల మీది కంప్యూటర్ దుమ్ము తుడిచింది. కరోనా లాక్‌డౌన్‌లో ఇంటినుంచి పనిచేయమని మిల్లు ఇచ్చిన పాత కంప్యూటర్ అది. ఫోన్‌లోంచి నెట్ ఇచ్చి, కొత్త మెయిల్ తెరిచింది. అక్కడా అంతే, ఖాళీ. హైదరాబాద్‌లోని హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే అటునుంచి ఒక అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు.

"పాత మెయిల్స్ పక్కన పెట్టాం మేడం. మీ మేనేజర్ పర్మిషన్ ఇస్తే చూపిస్తాం."

"మేనేజర్ ఇయ్యకపోతే?"

"అప్పుడు కుదరదు మేడం."

ఫోన్ పెట్టేసి, నెట్ ఆపేసి, కంప్యూటర్ ఆపబోయింది. అప్పుడు తెర మీద పాత మెయిల్ ప్రోగ్రాం గుర్తు కనబడింది. లాక్‌డౌన్‌లో వాడినది. ఆ తర్వాత కూడా, మెయిల్ మార్చేదాకా, స్టాకు రిపోర్టుల కోసం అప్పుడప్పుడు తెరిచేది. నొక్కింది. మెల్లగా తెరుచుకుంది. పాత ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. పంపినవాటిలో కిందికి పోతే మూడూ తేదీలతో సహా ఉన్నాయి. మూడోదాన్ని వేరే విండోలో తెరిచి చదివింది. పోశం గొంతు వినిపించినట్టయి కళ్లు తుడుచుకుంది.

"దొరికినయ్!" అని కేకేసింది.

ప్రభాకర్ లేచి వచ్చి చూశాడు. సంతోషపడలేదు. "ఇవి బయటపెడితే నీ నౌకరి ఉంటదా?"

"పోశం కాక చెప్పలేదని అంటున్రు. చెప్పింది నాకే గద."

మూడింటినీ తన సొంత మెయిల్‌కు పంపుకుందామని శైలజ మళ్లీ నెట్ పెట్టింది. ప్రోగ్రాం పాస్‌వర్డు అడిగింది. తొందరలో కొత్త పాస్‌వర్డు కొట్టింది. కింద ఒక పచ్చగీత కదిలింది. చూస్తుండగానే జాబితా పైనుంచి కిందికి చెరిగిపోతూ వచ్చింది. కంప్యూటర్‌కు పెట్టిన ఫోన్ వైరు పీకింది, నెట్ ఆపింది. అప్పటికే అయిపోయింది. కొత్త సిస్టంలో ఏముందో ఇక్కడా అదే మిగిలింది.

మూడో మెయిల్ తెరిచిన విండో మాత్రం అట్లాగే ఉంది. దాన్ని పంపబోతే ఈ మెయిల్ ఇప్పుడు లేదని తెర మీద వచ్చింది. ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసింది. ఆ తర్వాత బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. "నా చేతులార జేసిన," అంటూనే ఉంది. ప్రభాకర్ పక్కన నిలబడి ఆమె వీపు మీద చేయి వేశాడు. "నీకేం ఎరుక, అట్ల అయితదని," అన్నాడు.

మరునాడు ఇద్దరూ కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, బండి మీద పెట్టుకుని విచారణ అధికారి దగ్గరికి పోయారు. ఆయన ఫొటోలు చూశాడు.

"అసలు మెయిల్ ఏదమ్మా?"

జరిగింది చెప్పింది. ఈ పెట్టెలోనో, హైదరాబాద్‌లో పక్కన పెట్టిన పాత మెయిళ్లలోనో నిపుణులెవరైనా వెతికితే దొరుకుతుందేమో అంది. ఆయన వాంగ్మూలం రాయించుకున్నాడు. కంపెనీ తరఫు వకీలు కూడా అక్కడే ఉన్నాడు. కంప్యూటర్ తమ ఆస్తి అని కాగితం చూపించాడు. మేమే పరీక్ష చేయించి ఇస్తామని రసీదు రాసి పట్టుకుపోయాడు. వారం తర్వాత రెండింటిలోనూ ఏమీ లేదని ఉత్తరం వచ్చింది. అదే రోజు శైలజను రేపటినుంచి రావద్దన్నారు. కంపెనీ సమాచారాన్ని అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకుందని కారణం రాశారు.

పోశం భార్య ఐలవ్వను చూడటానికి బోయినపల్లికి పోయింది. ఐలవ్వ పత్తికట్టెలు మోసి వచ్చి గడపలో కూర్చుని ఉంది. శైలజ ఆమె పక్కన కింద కూర్చుంది.

"అవ్వా, మూడు సార్లు నాతోని రాయించిండు. నేను రాసి పంపి ఊకున్న. పైకి పోయి లొల్లి చేయకపోతి. చేస్తే బతికెటోడు కావచ్చు. దొరికినయి కూడ నేనే పోగొట్టిన."

ఐలవ్వ చేతులకంటిన దుమ్మును కొంగుతో తుడుచుకుంది. "మందు తాగెటోడని చెప్పిన్రట గద," అంది. "నా పెండ్లయి ముప్పై రెండేండ్లు. ఒక్కనాడు తాగి ఇంటికి రాలె. గది ఎవలు రాస్తరు?"

"మందు ముట్టడని నేను చెప్పిన అవ్వా. నా మాటలల్ల రాసిన్రు. సంతకం పెట్టిన."

ఐలవ్వ తల ఊపింది. ఏడవలేదు. లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఎండాకాలం చివర్లో రిపోర్టు వచ్చింది. వాల్వ్ పనిచేయకపోవడమే ప్రమాదానికి కారణమని ఉంది. అటెండెంట్ నిర్లక్ష్యమని చెప్పడానికి ఆధారాలు చాలవని ఉంది. ముందుగా ఫిర్యాదు చేశారనడానికీ ఆధారాలు చాలవని ఆ కిందే ఉంది. శైలజ వాంగ్మూలం గురించి ఒకే వరుస రాశారు. ఎవరి మీదా కేసు కాలేదు. మిల్లు కొత్త బాయిలర్‌తో మళ్లీ నడుస్తోంది. సురేశ్ అదే కుర్చీలో ఉన్నాడు.

సిరిసిల్లలో ఇంకెక్కడా పని దొరకక శైలజ ఇప్పుడు కోరుట్ల బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో అర్జీలు టైపు చేస్తుంది. వారమంతా తల్లి దగ్గర ఉండి శనివారం సిరిసిల్లకు పోతుంది. ఎవరికి అర్జీ కొట్టి ఇచ్చినా రెండు కాగితాలు చేతిలో పెట్టి, "ఒకటి ఆఫీసుల ఇచ్చి, ఇంకోదాని మీద ముద్ర కొట్టించుకుని ఇంట్ల దాచిపెట్టుకో," అంటుంది. కొందరు వింటారు. చాలామంది రెండో కాగితం ఎందుకని అక్కడే వదిలేసి బస్సెక్కుతారు. ఆమె వాటిని పారేయదు. బల్ల కింది అట్టపెట్టెలో, పేర్ల వరుసన పెడుతుంది.