రొట్టె చేసే ఏసమ్మ రొట్టె ముట్టదు

మా వీధి ఏసమ్మ కల్లుకు అలవాటు పడిందని, అందుకే చర్చిలో ప్రభు బల్ల రొట్టె తీసుకోవడం లేదని పుకారు గద్వాల బస్టాండు దాకా పాకింది. అది అబద్ధం. ఇది రాసినందుకు మా వీధిలో కొందరు నాతో మాట్లాడరేమో, మానితే మాననీ. కల్లు కాంపౌండు దగ్గర ఆమెను చూసిన మాట నిజమే, మొగుణ్ణి ఇంటికి లాక్కురావడానికి పోయింది. అయినా నాకు నమ్మకం చాలక నాలుగు ఆదివారాలు చర్చిలో ఆమె చాప మీదే కూర్చున్నాను. సబ్బు వాసన తప్ప మరే వాసనా రాలేదు.

కాని నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం వచ్చినప్పుడు, తను తీసుకోకుండా పక్కవాళ్ల చేతికి అందిస్తుంది. ఐదు నెలలుగా ఇదే తంతు. విడ్డూరం ఏమిటంటే ఆ రొట్టె చేసేదే ఆమె! ముందురోజు తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా పిండి పిసుకుతుంది. పాస్టరు ఏసురత్నం అయ్యగారు పదమూడేళ్లుగా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. "ఏసమ్మ చేయి శుభ్రం, మనసు శుభ్రం" అంటారు. అలా అన్నప్పుడు ఆమె తల దించుకుంటే వినయం అనుకున్నాం.

నాకు మనసాగక, మా కోడలు ఉమను కూర్చోబెట్టి అడిగాను. ఉమ ఏసమ్మ గుంపులోనే పత్తి విత్తనం చేలో పని చేస్తుంది. ఏసమ్మ ఆ గుంపుకు మేస్త్రి. ఆ పని ఎట్లాగంటే, సాయంత్రం ఆడ సాళ్లలో మొగ్గ విప్పి పుప్పొడి కాడలు గిల్లేయాలి. పొద్దున మగ పువ్వు తెచ్చి రాసి, గుర్తుకు దారం కట్టాలి. ఒక్క మొగ్గ కన్ను తప్పినా అది తనంతట తనే కాయ కాస్తుంది. అలాంటివి కలిస్తే విత్తనం కల్తీ అని కంపెనీ తిప్పికొడుతుంది. అందుకే ఎవరి సాళ్లకు వాళ్లదే పూచీ.

పోయిన పంటలో రోజా బిడ్డకు జ్వరం వచ్చి దవాఖానలో ఉంటే, మూడు రోజులు ఆమె సాళ్లు ఏసమ్మే చూసింది. ఏసమ్మకేమో దగ్గరి చూపు తగ్గింది, సూదిలో దారం నాతోనే ఎక్కించుకుంటుంది. తర్వాత రోజా సాళ్లలో దారం లేని కాయలు బయటపడ్డాయి. చేను ఆసామి వెంకటేష్ అందరినీ నిలబెట్టాడు.

"ఈ సాళ్లెవరియి?"

"నావే పటేలా. గని నేను మంచిగనే చేసిన," అంది రోజా.

"మంచిగ జేస్తె గివెట్ల కాసినయి? నీ మేస్త్రినే అడుగుత. ఏమే ఏసమ్మా, నువ్వు చెప్పు."

సాయం చేసినదాన్ని పట్టించలేక రోజా ఆమె ముఖం వైపు చూసింది. ఏసమ్మే చెబుతుందని చూసింది. ఏసమ్మ నోరు విప్పలేదు. పని పోయి రోజా ఆ పూటే మూట కట్టుకుంది. ఇప్పుడు బిడ్డను చంకనేసుకుని పుణెలో కంకర మోస్తోంది.

పోయిన శనివారం ఏసమ్మ ఇంటికి వెళ్లాను. పిండి పిసుకుతోంది. ఆ రోజు మాట్లాడదని తెలిసీ అడిగాను.

"నీ తప్పు రోజా నెత్తిన పెట్టి కూసున్నవు గదనే?"

"అవునక్కా." చేతులు ఆగలేదు.

"తప్పు దాచినోళ్లు తినగూడదని రొట్టె మానినవు, మరి ఈ పిండి ఎందుకు ముట్టుకుంటున్నవు? అయ్యగారికి చెప్పి ఇడిసిపెట్టరాదు?"

"వద్దంటె ఎందుకని అడుగుతడు. ఎందుకో చెప్తె ఊరంత తెలుస్తది."

"తెల్వనీ! పోయి వెంకటేష్‌కు చెప్పవేంది?"

అప్పుడు చేతులు ఆపి నా కళ్లలోకి చూసింది.

"రెండుసార్లు ఆయన గేటు దాంక పోయొచ్చిన. మేస్త్రి కండ్లే కానరావని తెలిస్తె, మన గుంపును బంద్ జేసి పెబ్బేరు దిక్కు ఆడోళ్లను తెచ్చుకుంటడు. తొమ్మిదిండ్లక్కా. అండ్ల నీ ఇల్లొకటి. ఇప్పుడు నువ్వే చెప్పు, పోయి చెప్పమంటవా?"