కంచె బయట అనంతరామ్

జర్మనీలో, ష్వైన్‌ఫర్ట్ ఊళ్లోని బేరింగుల ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ అనంతరామ్‌ది. అక్కడ మేమిద్దరమే తెలుగోళ్లం. మార్చి వస్తే చాలు, షిఫ్టు దిగి తిన్నగా ఊరి పక్క క్యాంపులో ఉండే అమెరికా సోల్జర్ల బేస్‌బాల్ ప్రాక్టీసుకి పోయి, కంచె బయట నిలబడేవాడు. కంచె దాటొచ్చిన బంతుల్ని లోపలికి విసిరేవాడు. వాళ్లు "థాంక్యూ రామ్" అనేవాళ్లు. ఆ ఊళ్లో నేను కాక అతన్ని పేరు పెట్టి పిలిచేది వాళ్లే.

"ఎండాకాలం అసలు మ్యాచులుంటాయి గదా, వాటికి పోవేందయ్యా?" అనడిగా.

"అప్పుడు బంతులు ఏరడానికి వేరే మనుషులుంటారు. నాతో పనేముంటుంది?"

డెబ్భై ఒకటిలో, ప్రాక్టీసు మొదలైన రోజున నన్నూ లాక్కెళ్లాడు. పాతవాళ్లంతా డ్యూటీ అయిపోయి వాళ్ల దేశం పోయారు. లోపల అన్నీ కొత్త మొహాలే. ఓ బంతి కంచె దాటింది. అనంతరామ్ పరిగెత్తి విసిరాడు. అందుకున్న కుర్రాడు మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు.

"చలేస్తోంది, పోదాం పద," అన్నా.

"ఉండవయ్యా."

రెండో బంతి వచ్చింది. ఈసారి వెంటనే విసర్లేదు. గుండెల మీద చెయ్యేసుకుని, "రామ్," అన్నాడు.

ఆ కుర్రాడు గ్లవ్ చాపి నిలబడ్డాడు, బంతి కోసం.