మా చెలక మీద వాన

మా నాయినతో వేగడం నా వల్ల కాదు. కొత్తపేటలో ఒక కిరాయి గదిలో చెమటలు కక్కుతూ రెండేళ్లు ఒక ఆల్బమ్ చేశాను. ప్రోగ్రెసివ్ రాక్. పాడేవాళ్లు లేరు, మాటల్లేవు. గిటార్, కీబోర్డు, డ్రమ్స్, అంతే. మొత్తం నల్గొండ వైపున్న మా ఊరి గురించే. నా పసితనంలోనే పట్నం వచ్చేశాం కాబట్టి ఆ ఊరు నాకు లీలగానే గుర్తు. అందుకే, విడుదల చేసేముందు ఆయన విని ‘ఇది మన ఊరే’ అనాలి. ఆ ఒక్క మాట రాకపోతే ఇదంతా ఎవరి కోసం చేసినట్టు?

ఆదివారం పొద్దున హెడ్‌ఫోన్స్ పెట్టి కూర్చోబెట్టాను. దవాఖానలో సూది కోసం కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు. రెండు నిమిషాలు కాలేదు, గల్లీ అంతా వినబడేలా అరిచాడు.

“పాడెటోడు ఎప్పుడొస్తడ్రా?”

“పాడెటోడు ఉండడు నాయినా. జర సప్పుడు చెయ్యకుండ ఇను.”

“పాడెటోడే లేకుంటె గింత పొడుగెందుకు?”

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సరే, నాకు ప్రాణమైనది వినిపిద్దామని ‘మా చెలక మీద వాన’ పెట్టాను. చెలకంటే మా మెట్ట పొలం. పన్నెండు నిమిషాలు. గిటార్ చినుకుల్లా మొదలై, పెరిగి పెరిగి, డ్రమ్స్‌తో కుండపోత అవుతుంది. ఆ కుండపోత కోసం ఎల్‌బీ నగర్ దోస్తు ఆరు ఆదివారాలు చేతులు పడిపోయేలా వాయించాడు.

నాయిన హెడ్‌ఫోన్స్ పీకేశాడు.

“గిట్ల ఎన్నడు పడ్డదిరా మనకు? నాలుగు చినుకులు పడ్తయి. పడ్డయి గదా అని పత్తి గింజలు పెడ్తం. ఇగ మబ్బే కనవడదు. మొలిచినయన్ని మాడిపోతయి. మళ్ల పెడ్తం, మళ్ల మాడ్తయి. ఈ డబడబ ఏడికెల్లి తెచ్చినవ్?”

ఒళ్లు మండిపోయింది. అది లేకపోతే ఎంత బోసిగా ఉంటుందో నీకే తెలుస్తుంది చూడు అనుకుని, చినుకుల తర్వాత వచ్చే గిటార్‌నీ డ్రమ్స్‌నీ ఆపేసి మళ్లీ ఆయన చెవులకు పెట్టాను. గిటార్ ఆగాక మిగిలింది కీబోర్డు మీద ఒకే ఒక్క సన్నటి స్వరం, నిమిషాల తరబడి. ఆయన కదలకుండా విన్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తి పైకి చూశాడు. అది కూడా అయిపోయింది.

“తర్వాత?”

“తర్వాత ఏం లేదు,” అన్నాను విసురుగా.

“ఔ, ఏం లేకుండె,” అన్నాడు నాయిన. “గందుకే నిన్ను సంకనేసుకొని బస్సెక్కినం.”