ఏడో నంబరు ఆడిన తొమ్మిది టికెట్లు

ఆదోని పత్తి యార్డులో కాటా దగ్గర బస్తాల లెక్క రాయడం నా పని. ఏడో తరగతితో బడి ఆగింది. ఆ తర్వాతి లెక్కలన్నీ కాటా దగ్గరే నేర్చుకున్నాను. అక్కడే బస్తాలు మోసే ఒక అన్న ఒకప్పుడు ఏడో నంబరు బనియన్ వేసుకొని కబడ్డీ ఆడేవాడు. రెండేళ్లలో టికెట్ పెట్టిన ఆటలు తొమ్మిది ఆడాడు. ఎమ్మిగనూరులో తొమ్మిదో ఆట నాడు మోకాలు తిరిగింది. అంతటితో సరి.

ఆయన ఆట నేను చూసింది ఒక్కసారే. నాలుగేళ్ల కిందట ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ టికెట్ దొరికింది. గులాబీ కాగితం, నంబరు 412. మిగతావీ కావాలనిపించింది. నందవరంలో ఒక టైలరు రెండిచ్చాడు. చిప్పగిరిలో పాత రిఫరీ దగ్గర మూడు, మా ఊళ్లోనే ఇంకో రెండు దొరికాయి. మొత్తం ఎనిమిది. లేనిది చివరి ఆటదే.

అన్నకు మాట పడింది ఆ ఆట మీదే. రెండే పాయింట్లు తెచ్చి, ఓడిపోతామని తెలిసి మోకాలు పట్టుకొని కూర్చున్నాడని ఊరంతా అనేది. మా ఊరి నుంచి ఆ ఆటకు పోయినవాళ్లు పదిమంది కూడా లేరు, కాదని చెప్పేవాడెవడు?

"ఏమప్పా రెండు పాయింట్లూ, నొప్పి ఇంకా ఉండాదా?" టీ బంకు దగ్గర ఒక హమాలీ అన్నను రోజూ ఇలాగే పలకరించేవాడు.

అన్న నవ్వి టీ గ్లాసు అందుకునేవాడు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు. "ఎన్ని తెచ్చినానో గ్యాపకం లేదు. రెండు మాత్రం కాదు."

పోయిన శ్రావణంలో ఆ చివరి టికెట్ ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఒక పెద్దాయన దగ్గర ఉందని తెలిసి బస్సెక్కాను. ఆయన బావమరిది అప్పట్లో మా యార్డులోనే హమాలీ. ఆట చూసి, టికెట్ వాళ్లింట్లో వదిలేసి వచ్చాడట. ఏడాది తిరక్కుండానే చనిపోయాడు. టికెట్ వెనక పెన్సిల్‌తో 7 అని ఉంది, దాని కింద గీతలు.

"సూడప్పా, మీవాడు తెచ్చినేవి రెండే. తక్కినేవన్నీ మా బామ్మర్ది అడ్డగీత పెట్టి కొట్టేసినాడు. అడిగినోళ్లందరికీ ఇదే సూపిచ్చినా."

మాట ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. పక్కన మళ్లీ అలాగే. చివర రెండు ఒంటి గీతలు. యార్డులో నాలుగు బస్తాలకు నాలుగు గీతలు గీసి, ఐదోదాన్ని వాటి మీద అడ్డంగా గీస్తాం.

"పెద్దాయనా, ఇవి కొట్టేసినేవి కాదు. మా బస్తాల లెక్క. ఐదు, ఐదు, రెండు. పన్నెండు."

ఆయన అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. "మేము తప్పు పోతేనే అడ్డం గీస్తాం గదప్పా. ఇన్నేండ్లూ తప్పు సెప్పినానా?" టికెట్ నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. తప్పు నాదేనని సెప్పు."

మరునాడు టీ బంకు బల్ల మీద తొమ్మిదీ వరుసగా పేర్చాను, చివరిదాన్ని బోర్లించి. రోజూ ఎగతాళి చేసే ఆ హమాలీ వంగి చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"పన్నెండు," అన్నాడు.

అన్న గీతల మీద వేలు పోనిచ్చాడు. "ఇంగోసారి లెక్కపెట్టు," అన్నాడు నాతో.

సరిపోయిన లెక్కను రెండోసారి చూసే అలవాటు నాకు లేదు. ఆ రోజు మాత్రం బంకు దగ్గరున్న వాళ్లందరికీ వినబడేలా, ఒకటి నుంచి మొదలుపెట్టాను.