ఏ చవట బిగించాడమ్మా?

ఏ ఇంటికి పనికి వెళ్లినా ఆ వడ్రంగి భుజం మీది సంచి దించడానికి ముందే ఒక తిట్టు దించుతాడు. గోడ అలమర తలుపుని బొటనవేలితో నొక్కి, పెదవి విరిచి, "ఏ చవట బిగించాడమ్మా ఇది?" అంటాడు. ఆ కోపం నటన కాదు, మెడ నరాలు నిజంగానే పొంగుతాయి. లోకంలోని వంకర తలుపులన్నీ తనని ఏడిపించడానికే ఎవరో పనిగట్టుకుని పెట్టినట్టు చూస్తాడు. ఇల్లంతా కొత్తగా చేయించుకుంటున్న ఈ ఇంట్లోనూ అంతే. ఒక పక్కకి వేలాడుతున్న అలమర తలుపు చూసి, "వీడి చేతులు విరగ్గొట్టాలి," అన్నాడు. "మా అత్తగారి హయాంలో ఎవరో చేశారట. మళ్లీ అలాంటివాడి పాల పడకూడదనే నీకు కబురు పెట్టాం. ఇది బాగా కుదిరితే మిగతా గదులూ నీవే," అంది ఇల్లాలు.

మడతబందు విప్పాడు. చట్రంలోని మరమేకు చిల్లులోంచి అగ్గిపుల్లల ముక్కలు రాలాయి. బందు దాచిన చోట పెన్సిలుతో "పై" అని రాసి ఉంది. ఐత్వం తోక వెనక్కి తిరిగి ఉంది. బడిలో మాస్టారు ఎన్ని దెబ్బలు వేసినా దారికి రాని తోక, తనదే. చెవులు భగ్గుమన్నాయి. "ఏమైందయ్యా?" అంది ఇల్లాలు. "చవట వెధవ, అగ్గిపుల్లలు దూర్చి పోయాడు," అన్నాడు గొంతు ఇంకా పెంచి, ఉమ్మితో తడిపిన బొటనవేలితో ఆ అక్షరాన్ని రుద్దేస్తూ. ఇంటివాళ్లు తెప్పించి ఉంచిన కొత్త తలుపు ఎత్తి బిగించబోతే, పాత చిల్లులో మరమేకు పట్టు దొరక్క గిర్రున తిరిగింది. ఆమె వంటగదిలోకి వెళ్లేదాకా ఆ చవటని తిడుతూనే నిలబడ్డాడు. ఆమె అటు తిరగగానే జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.